దారం కదిలింది, ప్రమిద కదల్లేదు

దగ్గరికి జరగండి. లహరీ, చెల్లికి కూడా దుప్పటి కప్పు. మైత్రీ, ఆ మూల కూజా వైపు అన్నిసార్లు చూడకు. అందులో మంచినీళ్ళు తప్ప ఏమీ లేవు. ఇవాళ అవి కూడా లేవులే, ఖాళీ చేశాను, బోర్లించడం మర్చిపోయాను.

మీ అమ్మ ఇందాక ఫోనులో మరీ మరీ చెప్పింది. అమ్మా, పిల్లలకి ఎక్కాలు సరిగ్గా రావడం లేదు, కథలో పెట్టి చెప్పు, కానీ భయపెట్టకు అంది. లెక్కలంటేనే భయమైతే నేనేం చెయ్యను? భయం వేస్తే నా కొంగు పట్టుకోండి. ఊ మాత్రం ఆపకండి. ఊ ఆగితే కథ ఆగుతుంది, ఆగిన కథలో వాళ్ళు ఎక్కడున్నవాళ్ళు అక్కడే చిక్కుకుపోతారు. పాపం కదూ?

సరే. అనగా అనగా, చాలా ఏళ్ళ కిందట అనగా, బూడిద రంగు ఊరొకటి ఉండేది. బూడిదపాలెం. గోడలు బూడిద, గడపలు బూడిద, కోడిపిల్లలు కూడా బూడిద రంగే. ఎందుకంటే ఆ ఊళ్ళో అందరూ కుమ్మర్లు. ఊరి చివర పెద్ద ఆవం ఉండేది. ఆవం అంటే కుండలు కాల్చే చోటు. పచ్చి మట్టి సామాను పేర్చి, చుట్టూ పిడకలూ గడ్డీ పెట్టి, పైన మట్టి మెత్తి, నిప్పు పెడతారు. మూడో రోజుకి చల్లారాక విప్పుతారు.

కార్తీకమాసం ముందు ఆ ఆవంలో ఒట్టి ప్రమిదలే కాల్చేవాళ్ళు. ఎలా పేర్చేవాళ్ళంటే, నాలుగు ప్రమిదలు ఒక దొంతి, పాతిక దొంతులు ఒక వరస, ఏడు వరసలు ఒక ఆవం. దొంతి తెలుసుగా, ఒకదాని మీద ఒకటి పెట్టింది. ఏదీ, నాతో అనండి. నాలుగు ప్రమిదలు ఒక దొంతి, పాతిక దొంతులు ఒక వరస, ఏడు వరసలు ఒక ఆవం. ఆఁ, మర్చిపోకండి. ఈ మాట మర్చిపోయినందుకే ఒక పిల్ల ప్రాణం మీదికి వచ్చింది.

ఆ ఊరికి ఒక పట్టింపు ఉండేది. ఆవం పేర్చగానే పసుపు దారం తెచ్చి, ఒక్కో వరస చుట్టూ కట్టేవాళ్ళు. పాతిక దొంతులూ కలిపి ఒక కట్టన్నమాట. దాన్ని లెక్కదారం అనేవాళ్ళు. ఒకసారి కట్టిన దారాన్ని ఇంకోలా కట్టకూడదు. కడితే లోపలి లెక్క మారిపోతుందని, అది వేరే ఆవం అయిపోతుందని వాళ్ళ నమ్మకం. తాతలు చెప్పారు, తండ్రులు విన్నారు, ఒకే ఒక్కడు తప్ప ఎవరూ విప్పి చూడలేదు.

ఆ ఊరికి కోడలుగా వచ్చింది నాంచారి. గాజులమ్మే వాళ్ళ పిల్ల. చిన్నప్పటినుంచి తండ్రితో గాజుల మలారం, అదే అమ్ముకునే గాజుల మూట, మోసి తిరిగింది. వచ్చిన మర్నాడు నీళ్ళు తేవడానికి ఖాళీ కుండ ఎత్తి చంకన పెట్టుకుంది. కుండ మూతి చెవి దగ్గరికి వచ్చింది. లోపల ఎవరో మాట్లాడుతున్నారు.

ఒకటి... రెండు... మూడు... నాలుగు...

పిల్లల గొంతులు. చాలా దూరంనుంచి, బూడిద కిందనుంచి వచ్చినట్టు. నూట ఇరవై, నూట ముప్పై దాకా వెళ్ళి తడబడ్డాయి. కాసేపు ఏడుపు లాంటి చప్పుడు. మళ్ళీ ఒకటి... రెండు...

నాంచారి కుండ కింద పెట్టేసింది. ఇంకో కుండ తీసింది. అందులోనూ అదే. ఇంట్లో ఉన్న కుండలన్నిట్లోనూ అదే లెక్క. అత్తగారు కోటమ్మని అడిగితే, ఆవిడ పొయ్యి ఊదుతూ తల ఎత్తకుండా, కుండలో నీళ్ళు నింపుకో అమ్మాయ్, నిండిన కుండ మాట్లాడదు, అంది. అంతే.

ఊ కొడుతున్నారా? గట్టిగా. ఆఁ.

అసలు సంగతి చెప్పింది పున్ని. పున్ని నాంచారి ఆడపడుచు, ఏడేళ్ళ పిల్ల. లహరీ, నీకంటే చిన్నది, మైత్రీ, నీకంటే పెద్దది. వదిన వెనకాలే తిరిగేది. వదినా, నీకు చెబుతాను గానీ మా నాన్నకి చెప్పకు అని చెవిలో చెప్పింది.

చాలా ఏళ్ళ కింద కంబయ్య అని ఆవం పెద్ద ఉండేవాడట. మహా అనుమానం మనిషి. ఒక సాయంత్రం ఆవం పేర్చి, దారం కట్టి, వరసల లెక్కన ఏడు వందలు అనుకున్నాడు. అంతటితో ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. దారం విప్పి, దొంతుల లెక్కన చూద్దామని బయల్దేరాడు. ఒక్కో ప్రమిదా వేలితో తడుముతూ పోయాడు. ఒకసారి ఆరువందల తొంభై ఆరు వచ్చింది. ఇంకోసారి ఏడువందల నాలుగు. దారం మార్చాను కాబట్టి ప్రమిదలు మారిపోతున్నాయి అనుకున్నాడు. ఒక దొంతి మర్చిపోయాననో, ఒక దొంతి రెండుసార్లు తడిమాననో అనుకోలేదు చూడండి. ఇంకొక్కసారి అని లోపలికి పాకాడు. ఆయన లోపలున్నట్టు తెలియక అవతలి పక్క నిప్పు పెట్టేశారు. కంబయ్య బయటికి రాలేదు. మూడోనాడు విప్పితే బూడిద తప్ప ఏమీ లేదు. బూడిదలో వేలితో రాసిన గీతలున్నాయి. లెక్క గీతలు.

భయపడకండి, కొంగు పట్టుకోండి.

అప్పట్నుంచి ఆవం విప్పే రోజు, అసురసంధ్య వేళకి, దీపాలు పెట్టేలోపు, కంబయ్య వస్తాడు. పైకి కనపడడు. బూడిద మీద అడుగులు పడతాయి, అంతే. వచ్చి, ఎన్ని, అని అడుగుతాడు. చెప్పాలి. చెప్పాక దారం ఇంకోలా కట్టి మళ్ళీ ఎన్ని అంటాడు. తడబడితే, లెక్క తేలలేదు, తేలేదాకా ఒకళ్ళు నాతో ఉండి లెక్కపెట్టాలి, అంటాడు. దారం కొస పట్టుకున్న పిల్లనో పిల్లాడినో తీసుకుపోతాడు. ఆవం పెట్టిన తొమ్మిదేళ్ళలో తొమ్మిది మంది. ఒక ఏడు ఆవం పెట్టడమే మానేశారు. ఆ ఏడు కంబయ్య ప్రతి ఇంటి తలుపూ తట్టి ఎన్ని, ఎన్ని అని అడిగాడు. మళ్ళీ మానలేదు.

ఆవం ఏడాదికొకరి వంతు. ఎవరి వంతైతే వాళ్ళింటి పిల్ల దారం కొస పట్టుకోవాలి. ఈ ఏడు ఎవరి వంతో తెలుసా?

పున్ని వాళ్ళ నాన్న సింగయ్యది.

నాంచారికి అన్నం సహించలేదు. ఒక మిట్టమధ్యాహ్నం పెద్దవాళ్ళు కునుకు తీస్తుంటే పున్నిని అరుగు మీద కూర్చోబెట్టి చింతగింజలు పోసింది. రెండు వరసలు పెట్టింది. వరసకి మూడు కుప్పలు. కుప్పకి నాలుగు గింజలు. జడకి కట్టుకునే దారం తీసి, ఒక్కో వరస చుట్టూ చుట్టి, ఎన్నో చెప్పమంది. పున్ని, మూడు నాలుగులు పన్నెండు, రెండు పన్నెండ్లు ఇరవై నాలుగు అంది.

నాంచారి వరసల దారం తీసేసింది. ఇప్పుడు కుప్పలన్నిటినీ కలిపి చుట్టింది. వరసలు మర్చిపో, కుప్పలెన్ని? అంది. రెండు మూడ్లు ఆరు. కుప్పకి నాలుగు. ఆరు నాలుగులు?

పున్ని వేళ్ళు మడిచింది. ఇరవై నాలుగు. ముఖం తెల్లబోయింది. మళ్ళీ లెక్కపెట్టింది. మళ్ళీ ఇరవై నాలుగే.

వదినా, దారం మారిస్తే మారాలి కదా, అంది.

నేను గింజని ముట్టుకున్నానా?

లేదు.

మరి ఎలా మారుతుందే పిచ్చిమొహమా? మా నాన్న గాజుల కట్ట విప్పి డజన్లుగా కట్టేవాడు, మళ్ళీ విప్పి జతలుగా కట్టేవాడు. విప్పినందుకు ఒక్క గాజు పుట్టిందా, ఒక్కటి చచ్చిందా?

పున్ని కిసుక్కున నవ్వింది. సరిగ్గా అప్పుడే కోటమ్మ లేచింది. దారం మార్చిందని చూసి గుండెలు బాదుకుంది. ఓసి నా కోడలా, కొంప ముంచావే, ఆవం నెలలో దారం మారుస్తావా, అని చింతగింజలన్నీ పెరట్లోకి విసిరేసింది. నాంచారి దారం తీసి మళ్ళీ జడకి కట్టుకుంది.

మైత్రీ, నిద్రా? కాదా? ఊ అను మరి.

ఆవం విప్పే రోజు వచ్చింది. సంధ్యవేళ. ఊరంతా దూరంగా నిలబడింది. కాకులు కూడా ఆ వైపు ఎగరడం లేదు. సింగయ్య పై మట్టి తీశాడు. ఎర్రగా కాలిన ప్రమిదలు. నాలుగు ప్రమిదలు ఒక దొంతి, పాతిక దొంతులు ఒక వరస, ఏడు వరసలు ఒక ఆవం. నిప్పుకి దారం కాలిపోతుంది కనక కొత్తది కట్టారు. పున్ని కొస పట్టుకుని నిలబడింది. లెక్క చెప్పేదాకా ఒక్క ప్రమిద కూడా బయటికి తియ్యకూడదు.

బూడిద మీద అడుగు పడింది. ఒకటి. ఇంకోటి. దగ్గరగా.

ఎన్ని?

సింగయ్య గొంతు సవరించుకున్నాడు. వరసకి పాతిక నాలుగులు నూరు. ఏడు వరసలు. ఏడు వందలు.

ఇప్పుడు చెప్పు, అంది గొంతు.

చూస్తుండగానే దారం వరసల్ని వదిలింది. ఎవరూ ముట్టుకోకుండానే, పాములా, దొంతులన్నిటి చుట్టూ పాకింది. వరసలు మర్చిపో సింగయ్యా, దొంతులెన్ని? సింగయ్య ఏడు పాతికలు నూట డెబ్బై అయిదు అన్నాడు. దొంతికి నాలుగు చొప్పున నూట డెబ్బై అయిదు నాలుగులు ఎన్ని? అంది గొంతు.

సింగయ్యకి చెమట పట్టింది. ఇందాక నూర్లు. ఇప్పుడు నూట డెబ్బై అయిదులు. ఇది వేరే లెక్క, వేరే ఆవం అయిపోయింది అనుకున్నాడు. నాలుగు, ఎనిమిది, పన్నెండు అని మొదలుపెట్టాడు. అరవై నాలుగు తర్వాత డెబ్బై రెండు అన్నాడు. నాలుక కరుచుకున్నాడు.

లెక్క తేలలేదు.

దారం వదులైంది. కొస దగ్గర పున్ని లేదు. నీళ్ళలో రాయి మునిగినట్టు బూడిదలో మునిగింది. పైన బుడగ కూడా రాలేదు.

కోటమ్మ పెట్టిన కేకకి ఊళ్ళో కుక్కలన్నీ ఏడ్చాయి. కంబయ్య గొంతు మాత్రం మెల్లగా, విసుగొచ్చిన మాస్టారి గొంతులా, దీపాలు పెట్టేలోపు లోపలివాళ్ళు లెక్క తేలిస్తే అందరూ బయటికి వస్తారు, లేకపోతే ఈ పిల్ల కూడా నాదే, అంది. ప్రతి ఏడూ ఆ మాటే అంటాడట. బయటివాళ్ళ లెక్క పనికిరాదు.

చీకటి ముసురుతోంది. నాంచారి ఏం చేసిందో తెలుసా? పరుగెత్తి ఒక ఖాళీ కుండ తెచ్చి చెవికి ఆనించింది. తొమ్మిది గొంతులు కాదు. పది. పదోది పున్నిది. ఎక్కిళ్ళు పెడుతూ నూట పదహారు, నూట పదిహేడు అంటోంది.

నాంచారి కుండ మూతిలో నోరు పెట్టి పిలిచింది. పున్నీ! లెక్కపెట్టకు!

ఆపితే తాత మళ్ళీ మొదట్నుంచి పెట్టమంటాడు వదినా.

అననీ. చింతగింజలు గుర్తున్నాయా?

మా అమ్మ విసిరేసింది కదా.

గింజలు పోయినా మాట పోలేదుగా. ఆ రోజు నేను గింజని ముట్టుకున్నానా?

లేదు. దారమే మార్చావు.

ఇవాళ తాత ప్రమిదని ముట్టుకున్నాడా?

పున్ని, లేదు వదినా, దారమే మార్చాడు, అంది. ఎక్కిళ్ళు ఆగిపోయాయి.

అయితే నీ మనసులో దారం నీకు సులువైన చోట కట్టుకో, అంది నాంచారి.

లహరీ, నువ్వు చెప్పు, ఎక్కడ కడితే సులువు? ఏడూ పాతికా కలిపి కడితే నూట డెబ్బై అయిదు, దాన్ని నాలుగుతో హెచ్చించాలి. కష్టం. పాతికా నాలుగూ కలిపి కడితే? నూరు! ఏడు నూర్లు నిద్రలో కూడా చెప్పొచ్చు. పున్ని కూడా అదే చెప్పింది. పాతిక నాలుగులు నూరు, ఏడు నూర్లు ఏడు వందలు, అని.

పది గొంతులూ ఒక్కసారి ఆగిపోయాయి. ఊళ్ళో కుండలన్నీ మౌనం అయిపోయాయి. ఆ మౌనానికి ఇంకా భయం వేసింది అందరికీ.

అది పాత దారం లెక్క, అన్నాడు కంబయ్య.

పున్ని అంది కదా, తాతా, కొత్త దారం లెక్క కూడా చూసుకుందాం రా, ఒక్కొక్కటీ వద్దు, పెద్ద ముక్కలు చేసుకుందాం. నూరు నాలుగులు నాలుగు వందలు. డెబ్బై అయిదు నాలుగులు మూడు వందలు. కలిపితే?

బూడిదలో కంబయ్య వేలి గీతలు పడుతున్నాయి, అందరికీ కనపడుతున్నాయి. నాలుగు పెద్ద గీతలు. మూడు పెద్ద గీతలు. ఏడు. ఎన్నో ఏళ్ళలో మొదటిసారి రెండు దారాల లెక్కా ఒకటే వచ్చింది.

అయినా అనుమానం మనిషి అని చెప్పానుగా. చివరికి ఒక మెలిక పెట్టాడు. అలాగైతే ఏ లెక్కలోనైనా ముడి ఎక్కడ వేసినా ఒకటేనా? ఇక్కడ పదిమంది ఉన్నారు. పది లోంచి ఐదు తీసి, రెండు తీసేటప్పుడు కూడా ఒకటేనా? ఒక్క మాటలో చెప్పు. తప్పైతే లెక్క తేలనట్టే.

పున్ని అవును అనబోయింది. నాంచారి కుండలోకి, ఆగవే, వేళ్ళు చూసుకో, అని అరిచింది.

మీరూ పది వేళ్ళు చాపండి. ఐదు మడవండి, ఇంకో రెండు మడవండి. మూడు మిగిలాయా? ఇప్పుడు ముడి రెండో చోట వేద్దాం. ముందు ఐదులోంచి రెండు తీసెయ్యండి, మూడు. ఆ మూడు పదిలోంచి తీసెయ్యండి. ఏడు! చూశారా? ఒకచోట మూడు, ఇంకోచోట ఏడు. తీసివేతలో ముడి మారితే మనుషులే మారిపోతారు.

పున్ని, కాదు తాతా, అంది. హెచ్చవేతకి కుదిరింది తీసివేతకి కుదరదు. కావాలంటే నీ వేళ్ళు చూసుకో.

బూడిదలో పది గీతలు పడ్డాయి, చెరిగి మూడు మిగిలాయి, మళ్ళీ పది పడ్డాయి, ఏడు మిగిలాయి. తర్వాత కంబయ్య ఒక్క మాట అన్నాడు. ఇన్నేళ్ళూ ఎన్ని అని అడగడమే గానీ, చెప్పింది విని ఎప్పుడూ అనని మాట.

ఊ, అన్నాడు.

బూడిద పైకి పొంగింది. ముందు పున్ని తల. తర్వాత ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని తొమ్మిది మంది. పోయినప్పుడు ఎంతవాళ్ళో అంతవాళ్ళే, తల నుంచి కాలి దాకా బూడిదే. తల్లులు కొంగుతో తుడిచి తుడిచి ముఖాలు చూసి గుర్తుపట్టారు. కోటమ్మ పున్నిని ఎత్తుకుని, ఆ చేత్తోనే నాంచారిని కూడా లాక్కుంది. నా తల్లే, రేపు చింతగింజలు నేనే ఏరి ఇస్తానే, అని ఏడుస్తూ నవ్వింది. సింగయ్య అందరూ చూస్తుండగా దారం తన చేత్తో విప్పి, ఇంకోలా కట్టాడు. ఏమీ కాలేదు. నాలుగు ప్రమిదలు ఒక దొంతి, పాతిక దొంతులు ఒక వరస, ఏడు వరసలు ఒక ఆవం. ఆ సాయంత్రం ఏడు వందలూ వెలిగించారు. బూడిదపాలెం మొదటిసారి పసుపు రంగులో కనపడింది.

మీ పుస్తకంలో దీన్ని సహచర ధర్మం అంటారట. లెక్కల మధ్య గీసే వంకర గీతలు, బ్రాకెట్లు, అవే ఈ పసుపు దారం. మూడు అంకెల్ని హెచ్చించేటప్పుడు దారం ఎక్కడైనా కట్టుకోండి. కూడిక, తీసివేత, హెచ్చవేత, భాగహారం, నాలుగు లెక్కలున్నాయి కదా, మిగతావాటికి కుదురుతుందో లేదో చూసుకోకుండా మాత్రం కట్టకండి. అంకె పెద్దదిగా కనపడగానే హడలిపోయి ఒక్కొక్కటీ లెక్కపెట్టడం మొదలుపెట్టకండి. ముందు చూసుకోండి, ఎవరైనా ప్రమిదని ముట్టుకున్నారా, దారమేనా మారింది అని. బడిలో ఒక్కటే కాదు, ఎక్కడైనా.

కంబయ్యా? ఆయనకి ఇంక లెక్క అక్కర్లేదు. కానీ చెప్పింది వినడం రుచి మరిగాడు. ఎక్కడ పిల్లలకి కథ చెబుతున్నా వచ్చి, ఖాళీ మట్టిపాత్ర ఏదైనా ఉంటే అందులో కూర్చుని వింటాడట. ఎవర్నీ ఏమీ చెయ్యడు.

అదుగో, కథ కంచి బండెక్కేసింది, మనం దిండు ఎక్కేద్దాం. విన్నారా మొత్తం? ఊ అనండి, దీపం తీసేస్తాను.

లహరీ, నీది ఒకటి. మైత్రీ, నీది రెండు.

మరి ఆ మూడో ఊ? నేను అనలేదే.

సరేలే. పడుకోండమ్మా. ఆ కూజా బోర్లించను, అలాగే ఉండనిద్దాం. పెద్దాయన, ఇంత దూరం వచ్చాడు.